పాత విమాన దుర్ఘటనా స్థలాల సందర్శన: హైదరాబాదు నుంచి బయలుదేరేవారికి సమగ్ర మార్గదర్శి

విమానం కూలిన చోటును వెతుక్కుంటూ వెళ్లి చూసి రావడం బ్రిటన్‌లోనూ అమెరికాలోనూ చాలాకాలంగా ఉన్న అభిరుచి. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో శిక్షణ విమానాలు, బాంబర్లు మబ్బుల్లో దారి తప్పి అక్కడి కొండలను ఢీకొని కూలిపోయేవి. ఇంజన్ల వంటి బరువైన భాగాలను కిందికి మోసుకురావడం ఎవరివల్లా కాక చాలాచోట్ల అక్కడే వదిలేశారు. తరవాతి తరంలో కొండలెక్కేవాళ్లు వాటిని చూసి, ఇది ఏ విమానం, ఎక్కడి నుంచి బయలుదేరింది, ఇందులో ఎవరున్నారు అని పాత రికార్డులు తిరగేయడంతో ఈ వ్యాపకం ఊపందుకుంది.

మన ప్రాంతంలో పరిస్థితి వేరు. కూలిన విమానంలో పనికొచ్చేదంతా దర్యాప్తు అధికారులో వాయుసేనవారో తీసుకువెళ్తారు. మిగిలిన రేకు ముక్క ఏదైనా ఉంటే అది కొద్దికాలానికే పాత ఇనుప సామాను కొట్టుకు చేరుతుంది. అందుచేత హైదరాబాదు నుంచి ఈ అభిరుచి చేపట్టదలచినవారు శకలాల మీద ఆశ పెట్టుకోకూడదు. ఇక్కడ దొరికేవి దర్యాప్తు నివేదిక, నేల వాలు, ఊళ్లోని పెద్దవాళ్ల జ్ఞాపకం. వీటిని ఒకదానితో ఒకటి సరిపోల్చి, ఆ విమానపు చివరి నిమిషాలు ఎలా గడిచాయో అక్కడ నిలబడి అర్థం చేసుకోవడమే ఈ పని సారం. ముప్పాతిక వంతు పని ఇంట్లోనూ గ్రంథాలయంలోనూ పూర్తవుతుంది. నివేదిక చదవకుండా వెళ్లినవారికి కనబడేది మామూలు గుట్టే.

మొదటి మెట్టు: ఏ చోటుకు వెళ్లవచ్చు, ఏ చోటుకు వెళ్లకూడదు

అన్నిటికంటే ముందు తేల్చుకోవలసిన విషయం ఇదే. నేను పాటించే నియమం కఠినంగా అనిపించవచ్చు గాని, దాన్ని సడలించమని ఎవరికీ చెప్పను: దుర్ఘటన జరిగి కనీసం ఒక తరం గడిచి ఉండాలి, లేదా అక్కడ ప్రజలందరూ వెళ్లగలిగే స్మారకం ఉండాలి. ఈ రెండిట్లో ఏదీ లేని చోటు అభిరుచి కోసం వెళ్లవలసిన చోటు కాదు.

హైదరాబాదు చుట్టూ దుండిగల్, హకీంపేట వాయుసేన శిక్షణ కేంద్రాలూ, పౌర విమాన శిక్షణ సంస్థలూ ఉన్నందువల్ల ఇటీవలి ప్రమాదాలు చాలానే కనిపిస్తాయి. 2023 డిసెంబరు 4న మెదక్ జిల్లా తూప్రాన్ దగ్గర రావెల్లిలో పిలాటస్ శిక్షణ విమానం కూలి ఇద్దరు పైలట్లు మరణించారు. 2022 ఫిబ్రవరిలో నల్లగొండ జిల్లా పెద్దవూర మండలంలో చిన్న సెస్నా శిక్షణ విమానం కూలింది. 2010 మార్చి 3న బేగంపేట వైమానిక ప్రదర్శనలో నావికాదళపు సాగర్ పవన్ బృందానికి చెందిన కిరణ్ విమానం బోయినపల్లిలో ఇళ్ల మధ్య పడి, అందులోని ఇద్దరు అధికారులు ప్రాణాలు కోల్పోయారు. ఇవన్నీ నగరం నుంచి ఒక పూటలో వెళ్లి రాగల దూరంలోనే ఉన్నాయి, కాబట్టే కొత్తవారు ముందు వీటివైపే చూస్తారు. కానీ బోయినపల్లిలో ఆ వీధి ఒక కాలనీ, అక్కడ మనుషులు కాపురం ఉంటున్నారు. పొలాల్లో పడిన వాటి విషయంలో తల్లిదండ్రులు ఇంకా ఏటా ఆ తేదీని తలచుకుంటూనే ఉంటారు. 2025 జూన్ 12 నాటి అహ్మదాబాదు దుర్ఘటన స్థలాన్ని చూడాలని అడిగేవారికి ఒక్కటే జవాబు: వద్దు.

ఇక వెళ్లదగినవి. వీటి వివరాలు కొంత విస్తారంగానే చెప్పాలి, ఎందుకంటే ఒక్కో చోటు ఒక్కో రకమైన సన్నాహం కోరుతుంది.

తెలుగువారిలో ఎక్కువమందికి గుర్తొచ్చేది పావురాలగుట్ట. 2009 సెప్టెంబరు 2 ఉదయం 8.38కి బేగంపేట నుంచి చిత్తూరు జిల్లాకు బయలుదేరిన బెల్ 430 హెలికాప్టర్ నల్లమలలో కూలి, అప్పటి ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డితో సహా అయిదుగురూ మరణించారు. మరునాడు ఉదయం గాని శకలాల జాడ తెలియలేదు. దుర్ఘటన జరిగిన గుట్ట నాగార్జునసాగర్–శ్రీశైలం పులుల అభయారణ్యం లోపల ఉంది. ఆత్మకూరు దగ్గరి నల్లకాల్వలో నిర్మించిన స్మృతివనం మాత్రం అందరికీ తెరిచే ఉంటుంది. కర్నూలు, నందికొట్కూరు మీదుగా ఇప్పటి నంద్యాల జిల్లాలోని ఆత్మకూరుకు చేరడం సులువు. శ్రీశైలం రోడ్డు మీదుగా వెళ్లదలచినవారు మన్ననూరు చెక్‌పోస్టును రాత్రి 9 నుంచి ఉదయం 6 వరకు మూసివేస్తారన్నది గుర్తుంచుకోవాలి. స్మృతివనం నుంచే అడవి కొండల వరుసను చూస్తూ నివేదికను చదువుకోవచ్చు. ట్రాన్స్‌మిషన్ ఆయిల్ ఒత్తిడి గురించి వచ్చిన హెచ్చరికను పరిష్కరించడంలో పైలట్లు నిమగ్నమై ఉండగా, హెలికాప్టర్ దట్టమైన వాన మేఘంలోకి వెళ్లి, కిందికి తోసే బలమైన గాలుల్లో అదుపు తప్పిందని దర్యాప్తు సంఘం తేల్చింది. సెప్టెంబరులో ఆ కొండల మీద మబ్బు ఎలా దిగుతుందో కళ్లారా చూసినవారికి ఆ వాక్యం పూర్తిగా అర్థమవుతుంది. అంతకుమించి లోపలికి వెళ్లే ఆలోచన మానుకోవడం మంచిది.

నగరంలోనే ఉన్నది బేగంపేట. 1978 డిసెంబరు 17న ఇండియన్ ఎయిర్‌లైన్స్ బోయింగ్ 737 ఒకటి ఇక్కడి నుంచి లేచే సమయంలో రెక్కల ముందంచు పరికరాలు తెరుచుకోక, ఎత్తు అందుకోలేక పొట్ట మీద నేలకు దిగి తగలబడింది. విమానంలోని వారిలో దాదాపు అందరూ బతికి బయటపడ్డారు. విమానాశ్రయం ఇప్పుడు మామూలు ప్రయాణికులకు లేదు, వాయుసేన వాడుకలో ఉంది. గోడ దాటి చూడవలసిన పని లేదు. బయటి రోడ్డు మీద నడుస్తూ రన్‌వే దిశను, చుట్టూ పెరిగిన ఊరును గమనించి, రెక్కల ముందంచు తెరుచుకోకపోతే విమానం ఎందుకు లేవదో చదువుకుంటే మొదటి పాఠం పూర్తయినట్టే. కెమెరా మాత్రం సంచిలోంచి తీయవద్దు, అక్కడ ఫోటోలు నిషిద్ధం.

నా దృష్టిలో దక్షిణ భారతదేశంలో ఈ అభిరుచికి అన్నిటికంటే తగిన చోటు నీలగిరుల్లోని రంగస్వామి శిఖరం పరిసరాలు. 1950 డిసెంబరు 13న ఎయిర్ ఇండియా డకోటా కోటగిరి దగ్గర ఆ కొండల్లో కూలింది. అందులో ప్రసిద్ధ సాంఖ్యక శాస్త్రవేత్త అబ్రహాం వాల్డ్, ఆయన భార్య ఉన్నారు. భారతదేశంలో ఉపన్యాసాలివ్వడానికి వచ్చారు. యుద్ధకాలంలో ఆయన చేసిన పని ఏమిటో తెలిస్తే ఈ చోటుకున్న బరువు అర్థమవుతుంది. దాడికి వెళ్లి తిరిగొచ్చిన బాంబర్ల మీద తూటా రంధ్రాలు ఎక్కడెక్కడ ఉన్నాయో చూసి అక్కడే కవచం వేయాలని అనుకోవడం సహజం. తిరిగొచ్చిన విమానాల్లో రంధ్రాలు లేని చోట్లే ప్రాణాంతకమైనవని, అక్కడ దెబ్బ తిన్నవి తిరిగి రాలేదని ఆయన పద్ధతి చెబుతుంది. మిగిలిన వాటిని బట్టి మిగలనిదాన్ని అంచనా కట్టే ఈ పద్ధతి దుర్ఘటనా స్థలాలను చదివేవారికి ప్రతిచోటా అవసరమవుతుంది, దాని గురించి కింద మళ్లీ చెబుతాను. రంగస్వామి కొండ ఇరుళ గిరిజనులకు పుణ్యస్థలం, చుట్టూ రిజర్వు అడవి. మెట్టుపాళయం నుంచి కోటగిరికి బస్సులుంటాయి. సొంత వాహనంలో వెళ్లేవారు నీలగిరి జిల్లా ప్రవేశానికి ఈ-పాస్ తీసుకోవాలి. అడవిలోకి అటవీశాఖ అనుమతి లేకుండా అడుగు పెట్టరాదు.

బెంగళూరులో 1990 ఫిబ్రవరి 14న ఎయిర్‌బస్ 320 కూలిన గోల్ఫ్ మైదానం ప్రైవేటు స్థలం. మంగళూరులో 2010 మే 22 నాటి విమాన దుర్ఘటనలో చనిపోయిన 158 మంది స్మారకం ఫల్గుణి నది ఒడ్డున ఉంది, అక్కడికి వెళ్లవచ్చు.

హైదరాబాదు పేరుతో ముడిపడిన మరొక వరుస సముద్రాల అవతల ఉంది. మొదటి ప్రపంచ యుద్ధంలో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ ఇచ్చిన విరాళంతో బ్రిటిషు వాయుసేన 110వ స్క్వాడ్రన్‌కు డి.హెచ్.9ఎ విమానాలు సమకూరాయి. రెండో యుద్ధంలో 152, 253 స్క్వాడ్రన్లు కూడా హైదరాబాదు పేరు పెట్టుకున్నాయి. 152వ స్క్వాడ్రన్ 1940లో ఇంగ్లండ్ దక్షిణ తీరంలోని వార్మ్‌వెల్ నుంచి స్పిట్‌ఫైర్లు నడిపింది, వాటిలో కొన్ని ఆ చుట్టుపక్కలా సముద్రంలోనూ కూలాయి. 1918 అక్టోబరులో జర్మన్ల చేతికి చిక్కిన 110వ స్క్వాడ్రన్ విమానం ఎఫ్1010 ఇప్పుడు లండన్‌లోని ఆర్‌ఏఎఫ్ మ్యూజియంలో ఉంది. పిల్లలు అక్కడ చదువుకుంటున్నందువల్ల ఏటా ఇంగ్లండ్ వెళ్లి వచ్చే తెలుగు కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. అలాంటివారు ఒక రోజు మిగుల్చుకుంటే మాంచెస్టర్ నుంచి 'బ్లీక్‌లో' అనే కొండకు వెళ్లి రావచ్చు. 1948 నవంబరు 3న అమెరికా వాయుసేన బి-29 ఒకటి మబ్బులో ఆ కొండను ఢీకొని 13 మంది మరణించారు. బికినీ దీవుల అణుపరీక్షలను ఫోటో తీసిన విమానమది. ఇంజన్లు, చక్రాల భాగాలు ఇప్పటికీ ఆ బురద నేల మీద పడి ఉన్నాయి. స్నేక్ పాస్ రోడ్డు నుంచి కాలిబాట ఉంది, అయితే మబ్బు దిగితే పక్కనున్న మనిషి కనబడడు. అక్కడ 1986 నాటి సైనిక అవశేషాల రక్షణ చట్టం ప్రకారం కూలిన సైనిక విమానాన్ని కదిలించడానికి ముందుగా లైసెన్సు కావాలి. మరమేకు తీసి జేబులో వేసుకున్నా నేరమే.

చదువుకోవడానికే తప్ప వెళ్లడానికి కాని చోట్లు కొన్ని ఉన్నాయి. 1968 ఫిబ్రవరి 7న చండీగఢ్ నుంచి లేహ్ వెళ్తూ 102 మందితో అదృశ్యమైన వాయుసేన ఏఎన్-12 శకలాలు 2003లో లాహౌల్ హిమానీనదంలో పర్వతారోహకుల కంటబడ్డాయి, 2024లోనూ అక్కడ నలుగురి దేహాలు దొరికాయి. మౌంట్ బ్లాంక్ మీద ఎయిర్ ఇండియా విమానాలు రెండు, 1950 నవంబరు 3న మలబార్ ప్రిన్సెస్, 1966 జనవరి 24న హోమీ భాభా ప్రయాణించిన కాంచన్‌జంగా, దాదాపు ఒకేచోట కూలాయి. అక్కడి మంచు ఇప్పటికీ ఒక్కొక్కటిగా వస్తువులను కిందికి నెట్టుతోంది. రెండో ప్రపంచ యుద్ధంలో అస్సాం నుంచి చైనాకు హిమాలయాల మీదుగా నడిచిన హంప్ దారిలో సుమారు 600 విమానాలు పోయాయి. వాటి శకలాల కోసం అరుణాచల్ అడవుల్లోకి వెళ్లడం మనబోటివాళ్ల పని కాదు. ఇన్నర్ లైన్ పర్మిట్ తీసుకుని పాసీఘాట్‌లో 2023లో తెరిచిన హంప్ మ్యూజియం చూస్తే చాలు.

రెండో మెట్టు: కాగితం

చోటు ఎంచుకున్నాక నివేదిక సంపాదించాలి. పౌర విమానాలకు సంబంధించి 2012లో ఏర్పడిన విమాన ప్రమాద దర్యాప్తు బ్యూరో తన నివేదికలను వెబ్‌సైటులో ఉంచుతుంది. అంతకుముందువి కొన్ని పౌర విమానయాన డైరెక్టరేట్ జనరల్ (డీజీసీఏ) దగ్గర దొరుకుతాయి. అంతర్జాతీయ నమూనాలో రాసిన నివేదికల్లో అంకెల క్రమం అన్నిటికీ ఒకటే కాబట్టి ఒకసారి అలవాటైతే ఎక్కడ ఏముందో వెంటనే తెలుస్తుంది: 1.1లో ప్రయాణ వృత్తాంతం, 1.7లో వాతావరణం, 1.11లో రికార్డర్లు, 1.12లో శకలాలు పడిన తీరు. స్థలానికి వెళ్లేవారికి ప్రాణం 1.12. శకలాల పటం ఉంటే దాన్ని అచ్చు వేయించి పెట్టుకోండి. చివరనున్న సంభావ్య కారణాన్ని ముందు చదవకపోవడం మంచిది. కారణం తెలిశాక కళ్లు దాన్ని బలపరిచే వాటినే చూస్తాయి.

సమయాల దగ్గర జాగ్రత్త అవసరం. నివేదికల్లో తరచుగా ప్రపంచ ప్రామాణిక సమయం (యూటీసీ) వాడతారు, మన గడియారానికి అయిదున్నర గంటలు కలపాలి. ఊళ్లో తాత 'పొద్దు ఎక్కినాక పడ్డది' అంటే, నివేదికలో 4.15 అని ఉంటే, రెండూ నిజమే. దూరాలు నాటికల్ మైళ్లలో ఉంటాయి, ఒక్కొక్కటి 1.852 కిలోమీటర్లు.

నివేదిక దొరకని పాత ప్రమాదాలకు పత్రికలే ఆధారం. అఫ్జల్‌గంజ్‌లోని రాష్ట్ర కేంద్ర గ్రంథాలయం పాత పత్రికల కోసం మొదట వెళ్లవలసిన చోటు, సర్కారు దస్త్రాల కోసం తార్నాకలోని రాష్ట్ర పురాలేఖ భాండాగారానికి వెళ్లాలి. తేదీ తెలిస్తే, దాని తరవాతి పది రోజుల సంచికలన్నీ చూడండి. మొదటి రోజు వార్తలో మృతుల సంఖ్య, ఊరి పేరు చాలాసార్లు తప్పుగా పడతాయి, నాలుగో రోజుకు గాని కుదురుకోవు. నిజాం కాలపు విషయాలకు ఉర్దూ పత్రికలు తప్పనిసరి. ఉర్దూ రానివారు పాతబస్తీలో ఒక పెద్దమనిషి స్నేహం సంపాదించుకోవడం మేలు. వాయుసేన నష్టాల విషయంలో భారత్ రక్షక్ అనే ఔత్సాహికుల సైటులోని జాబితా చాలా ఉపయోగం. యుద్ధకాలపు బ్రిటిషు, కామన్వెల్త్ వాయుసైనికుల సమాధుల వివరాలు కామన్వెల్త్ యుద్ధ సమాధుల సంఘం వారి జాబితాలో పేరుపేరునా ఉంటాయి. వీటన్నిటికంటే విలువైన సాక్షులు కొందరు సైనిక్‌పురిలోనూ బేగంపేటలోనూ ఉన్నారు. పదవీ విరమణ చేసిన వాయుసేన ఇంజనీరు ఒకరు టీ తాగుతూ చెప్పే అరగంట మాటలు, ఆయన అనుమతి ఉంటే రాసుకోండి, ఏ నివేదికలోనూ దొరకవు.

మూడో మెట్టు: పటం మీద చోటు గుర్తించడం

సర్వే ఆఫ్ ఇండియా వారి 1:50,000 పటాలను వారి ఆన్‌లైన్ పోర్టల్ నుంచి తీసుకోవచ్చు. పాత పటాల షీటు అంకెల ప్రకారం హైదరాబాదు 56కె, ఆత్మకూరు పరిసర నల్లమల 57ఐ. బాలానగర్‌లోని జాతీయ దూరసంవేదన కేంద్రం నడిపే భువన్ వెబ్‌సైటులో ఉపగ్రహ చిత్రాలు చూడవచ్చు. పాత నివేదికలోని అక్షాంశ రేఖాంశాలను నేరుగా ఫోనులో కొట్టి వెళ్లకండి. నిమిషాల వరకే ఇచ్చిన అక్షాంశం ఒక నిమిషం అటూ ఇటూ అయితే 1.85 కిలోమీటర్ల తేడా. పైగా అక్షాంశ రేఖాంశాలను లెక్కగట్టడానికి పాత పటాలకు వాడిన 'ఎవరెస్ట్' అనే భూమి ఆకారపు కొలమానానికీ ఇప్పటి జీపీఎస్ కొలమానానికీ మధ్య మన ప్రాంతంలో వంద మీటర్లకు పైగా తేడా వస్తుంది. అందువల్ల ఒక బిందువును కాక, చుట్టూ రెండు కిలోమీటర్ల వలయాన్ని గీసుకుని, నివేదికలో చెప్పిన వాగు, గుట్ట, దారి, గుడి వంటి గుర్తులను దానిలో వెతకాలి. గాలివాలు, విమానం వచ్చిన దిక్కు పటం మీద బాణం గుర్తుతో వేసుకుంటే అక్కడికి వెళ్లాక సగం తికమక తగ్గుతుంది.

నాలుగో మెట్టు: అనుమతి

అభయారణ్యాల్లో ప్రవేశం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కిందికి వస్తుంది, రిజర్వు అడవుల్లో రాష్ట్ర అటవీ చట్టం వర్తిస్తుంది. జిల్లా అటవీ అధికారికి రాతపూర్వకంగా దరఖాస్తు పెట్టాలి. అందులో వెళ్లేవారి పేర్లు, గుర్తింపు కార్డుల నకళ్లు, వాహనం నంబరు, తేదీ, లోపలికి వెళ్లి బయటికి వచ్చే సమయం, వెళ్లే దారిని గుర్తించిన పటం జతచేయాలి. రాత్రి ఉండబోమని, డ్రోన్ వాడబోమని, ఏదీ తవ్వబోమని, తీసుకురాబోమని స్పష్టంగా రాయాలి. 'పరిశోధన' అనే మాట వాడకండి; పరిశోధనకు వేరే అనుమతులుంటాయి, ఆ మాట రాస్తే ఫైలు మరో గదికి పోతుంది. 'చారిత్రక ఆసక్తితో సందర్శన' అంటే సరిపోతుంది. నకలు మీద ఆఫీసు ముద్ర వేయించుకుని, ఇంకొక నకలు రేంజి అధికారికి ఇవ్వండి. మూడు వారాల ముందు మొదలుపెట్టాలి. పులుల అభయారణ్యం లోపలి భాగానికి అనుమతి అడగడమే అనవసరం. ఇవ్వరు, ఇవ్వకపోవడమే సరైన పని.

పొలమైతే పట్టాదారును అడగాలి, పంట ఉన్నప్పుడు అడగకూడదు. వాయుసేన స్థావరాలకు దగ్గరైతే స్థానిక పోలీస్ స్టేషనులో ముందే చెప్పి వెళ్లడం తెలివైన పని. డ్రోన్ గురించి పట్టుబట్టేవారు, డ్రోన్లు ఎక్కడ ఎగరవచ్చో చూపే ప్రభుత్వ డిజిటల్ స్కై పటంలో హైదరాబాదు చుట్టూ అనుమతి లేకుండా ఎగరరాదని చెప్పే ఎరుపు, పసుపు రంగులు ఎంతమేర పరుచుకున్నాయో ఒకసారి చూస్తే ఆ ఆశ వదులుకుంటారు.

అయిదో మెట్టు: ఊళ్లో అడగడం

ఊళ్లోకి వెళ్లగానే చోటు గురించి అడగకండి. టీ కొట్టు దగ్గర కూర్చుని, ఎక్కడి నుంచి వచ్చారో, ఎందుకు వచ్చారో ముందు మీరు చెప్పండి. సర్పంచినో బీట్ అధికారినో కలిసి వచ్చామని తెలిస్తే జనం నిబ్బరంగా మాట్లాడతారు. శకలాల కోసం వచ్చారని గాని, ప్రభుత్వం తరఫున వచ్చారని గాని అనుమానం కలిగితే నోరు విప్పరు. ఒకప్పుడు రేకు ముక్కలు అమ్ముకున్నవారికి ఆ భయం సహజం.

అడిగే తీరు ఇలా ఉంటే మంచిది: "తాతా, నీ చిన్నప్పుడు ఇటు దిక్కు గాలిమోటరు పడ్డదట గదా. అప్పుడు చేన్ల ఏం పంట ఉండె?" సంవత్సరం అడిగితే కాకి లెక్క చెబుతారు. పంట అడిగితే జొన్న కంకి వేసిందో, పత్తి ఏరుతున్నారో చెబుతారు, దాన్ని బట్టి నెల తేలుతుంది. తరవాత ఏ దిక్కు నుంచి వచ్చింది, చప్పుడు ముందు వినబడిందా మంట ముందు కనబడిందా, చప్పుడు పడేదాకా ఉందా మధ్యలో ఆగిందా అని విడివిడిగా అడగండి. ఇంజను ఆగిపోయిందో లేదో చివరి ప్రశ్న తేలుస్తుంది. "మంట వచ్చిందా" అని మీరే అందిస్తే "ఆఁ, వచ్చింది" అంటారు, దాంతో ఆ సాక్ష్యం చెడిపోతుంది. ఇద్దరిని ఒకేచోట కూర్చోబెట్టి అడిగినా అంతే, పెద్దవాడి మాటే ఇద్దరి మాటా అవుతుంది. ఊరి మనిషిని దారి చూపడానికి తీసుకువెళ్తే ఆ రోజు కూలి ముందే మాట్లాడుకుని, చెప్పినంతా చేతికివ్వాలి.

ఆరో మెట్టు: వెంట తీసుకువెళ్లేవి, వెళ్లే కాలం

నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు అనుకూలం. వానాకాలంలో నాగార్జునసాగర్–శ్రీశైలం, అమ్రాబాద్ పులుల అభయారణ్యాల్లో పర్యాటకాన్ని ఆపివేస్తారు. ఎండాకాలంలో ఆకు రాలి నేల బాగా కనబడుతుంది గాని, నిప్పు భయం ఉంటుంది. మడమ పైకి వచ్చే బూట్లు, మందపాటి ప్యాంటు, కర్ర, మనిషికి నాలుగు లీటర్ల నీళ్లు, తోలు గ్లవ్స్, దిక్సూచి, అచ్చు వేసిన పటం, ముప్పై సెంటీమీటర్ల కొలబద్ద ఉంటే చాలు. మెటల్ డిటెక్టర్ తీసుకెళ్తే గుప్తనిధుల కోసం వచ్చారనుకుంటారు. ఆ అనుమానం పడ్డాక ఎంత చెప్పినా ఎవరూ నమ్మరు. రక్తపింజరి, కట్లపాము ఉన్న నేల కాబట్టి విషానికి విరుగుడు మందు ఉండే దగ్గరి ఆసుపత్రి ఏదో బయలుదేరేముందే కనుక్కోవాలి. ఒంటరిగా వెళ్లకూడదు.

ఏడో మెట్టు: అక్కడికి చేరాక

చేరగానే ఫోటోలు మొదలుపెట్టకుండా, విమానం వచ్చిన దిక్కున కొంత దూరం వెనక్కి వెళ్లి నిలబడండి. పైలట్‌కు ఎదురుగా ఏ గుట్ట ఉండేది, మబ్బు దిగితే ఏది మాయమయ్యేది, దిగడానికి చదునైన నేల ఏ వైపు ఉంది అని చూసుకోండి. ఆ తరవాతే అదే దారిన నెమ్మదిగా నడుస్తూ రావాలి.

శకలాలు పరుచుకున్న తీరు చాలా సంగతులు చెబుతుంది. తక్కువ కోణంలో వేగంగా తగిలితే శకలాలు పొడవైన పట్టీలా పడతాయి. నిట్టనిలువుగా దిగితే గొయ్యి పడి అన్నీ ఒకేచోట కూరుకుపోతాయి. గాలిలోనే విచ్ఛిన్నమైతే, 1996 నవంబరు 12న రెండు విమానాలు ఆకాశంలో ఢీకొన్న హర్యానాలోని చర్కీ దాద్రీలో లాగా వేర్వేరు ఊళ్ల పొలాల్లో పడతాయి. మంట అంటుకుందా లేదా అన్నది అల్యూమినియం చెబుతుంది. అది దాదాపు 660 డిగ్రీల వద్ద కరుగుతుంది కాబట్టి మంట తగిలిన చోట రేకు కరిగి, వాలు వెంట జారి, మట్టీ చిన్న రాళ్లూ అంటుకుని గడ్డకట్టిన నిగనిగలాడని బూడిదరంగు ముద్దలుగా కనిపిస్తుంది. మంట తగలని రేకు ముడతలు పడి, అంచున తెల్లటి పొడి పట్టి, రివెట్ల వరుస మాత్రం చెక్కుచెదరకుండా ఉంటుంది. లోపలివైపు ఆకుపచ్చా పసుపూ కలిసిన పాత ప్రైమరు మిగిలి ఉండవచ్చు. యుద్ధకాలపు అమెరికన్ రేకు మీద 'ఆల్‌క్లాడ్ 24ఎస్-టీ' అనే ముద్ర వరుసలు కొన్నిసార్లు చదవగలిగేలా ఉంటాయి. భాగాల మీది అంకెలను వంకరగా పడే పొద్దుటి ఎండలో ఫోటో తీస్తే అరిగిపోయినవి కూడా తేలతాయి.

వాల్డ్ పద్ధతి ఇక్కడే పనికొస్తుంది. ఈరోజు కనబడే ముక్క ఎవరికీ అక్కరలేనిది, మోయలేనిది, లేదా ఎవరి కంటా పడనిది. ముక్కలు ఎక్కువగా ఉన్న చోటే విమానం తగిలిన చోటని తొందరపడి రాసుకోవద్దు. వాన వాటిని వాగులోకి దొర్లించి ఉండవచ్చు, పశువులకాపరులు ఒకచోట పోగు చేసి ఉండవచ్చు. ఏ ముక్కలు లేవో కూడా రాసుకోవాలి.

చేతులు పెట్టకూడనివి కొన్ని ఉన్నాయి. యుద్ధ విమానమైతే పేలని తూటాలు, బాంబు భాగాలు, ఎజెక్షన్ సీటు ఉన్న శిక్షణ విమానమైతే దాని పేలుడు గొట్టాలు, ఆక్సిజన్ సిలిండర్లు ఏళ్లు గడిచినా ప్రమాదమే. దూరం నుంచి గుర్తు పెట్టుకుని పోలీసులకు చెప్పాలి. పాత మీటర్ల ముళ్ల మీద చీకట్లో మెరిసే రేడియం పూత ఉంటుంది, వెలుగు ఆరిపోయినా దాని రేడియోధార్మికత పోదు. కొత్త విమానాల కార్బన్ ఫైబర్ కాలిన చోట దుమ్ము ఊపిరితిత్తుల్లోకి పోతుంది. మనిషి అవశేషం అనుమానం కలిగించేదేదైనా కనబడితే కదిలించకుండా, ఫోటోను ఎవరికీ పంపకుండా, వెంటనే పోలీసులకు తెలియజేసి అక్కడి నుంచి వెనక్కి రావాలి.

ఏ వస్తువూ వెంట తీసుకురాకూడదు. 2013లో మౌంట్ బ్లాంక్ మీద ఒక యువ పర్వతారోహకుడికి పైన చెప్పిన కాంచన్‌జంగా విమానం నుంచి వచ్చినదిగా భావిస్తున్న పెట్టె దొరికింది. నిండా పచ్చలు, నీలాలు, కెంపులు. అతను నేరుగా కిందికి దిగి పోలీసులకు అప్పగించాడు. 2021లో అధికారులు అతనికీ షామోనీ పురపాలికకూ చెరిసగం పంచారు. కొండ మీద ఎవరూ చూడని చోట అతను చేసిన పనే మన గుట్టల్లో దొరికే రివెట్ ముక్కకూ వర్తిస్తుంది.

ఎనిమిదో మెట్టు: తిరిగొచ్చాక

ఆ రాత్రే రాసుకోవాలి. తేదీ, వాతావరణం, వెళ్లిన దారి, కొలతలు, ఎవరు ఏమన్నారో వారి మాటల్లోనే ఒకవైపు, మీ ఊహలు మరోవైపు విడిగా ఉంచండి. నివేదికతో సరిపోలని చోట్ల మీదే సరైనదని తేల్చేయకండి. దర్యాప్తు అధికారులు మర్నాడే చూశారు, మీరు దశాబ్దాల తరవాత చూశారు. ఖచ్చితమైన అక్షాంశ రేఖాంశాలను అందరికీ కనబడేలా పెట్టకండి. అమెరికాలో 1956 నాటి గ్రాండ్ కాన్యన్ దుర్ఘటన స్థలాన్ని జాతీయ చారిత్రక స్థలంగా గుర్తించి కూడా జనానికి మూసే ఉంచారు. ఫోటోల్లోని స్థల సమాచారాన్ని తీసేశాకే పంచుకోండి.

మృతుల కుటుంబాలను మీరుగా వెతికి పట్టుకోవద్దు. వారే చూసి ఉత్తరం రాస్తే, మీకు తెలిసింది నెమ్మదిగా, అడిగినంతవరకే చెప్పండి. చివరి నిమిషాల వివరాలు వారు అడిగేవరకు చెప్పవద్దు. రాసుకున్నదాని నకలు ఒకటి ఆ ఊరి బడికీ, ఒకటి అనుమతి ఇచ్చిన అటవీశాఖ కార్యాలయానికీ పంపండి. రెండోసారి దరఖాస్తు పెట్టినప్పుడు ఆ నకలు ఫైల్లో ఉంటే పని వారంలో అయిపోతుంది.